బలదియావాడికి గుడ్లు

ఖమీస్ ముషైత్‌లో మేమున్న ఇల్లు ఇప్పుడు లేదు. ఉంటుందని నేనూ ఆశపడలేదు గానీ, లేకపోవడాన్ని కళ్లారా చూడటం వేరే సంగతి. ఈ మధ్య సెలవుల్లో మా ఆయనా నేనూ దమ్మామ్ నుంచి విమానంలో అబహాకు వచ్చి, అక్కడ కారు అద్దెకు తీసుకుని ఖమీస్‌కు పోయాం. నేనే నడిపాను. మా ఆయన పక్కన కూర్చుని ఫోన్‌లో దారి చూసి చెప్తున్నాడు గానీ, పాత సంత దాటాక నేను ఆయన మాట వినలేదు. ఆ సందులు నాకు గుర్తే. మా ఇల్లు ఉన్నచోట మందుల షాపు, దాని పక్కన పండ్లరసాల అంగడి, పైన అద్దాల కిటికీలతో రెండంతస్తులు లేచాయి. కాసేపు బండి ఆపి అద్దం దించాను. గాలి మాత్రం మారలేదు. సౌదీ అంటే ఇసుకా ఎండా తప్ప ఇంకేమీ ఉండదనుకునే మా బంధువులకు ఈ ఊరి సంగతి చెప్తే నమ్మరు. ఇది కొండమీది ఊరు. ఇక్కడ మబ్బులు ఇళ్ల మీదికి దిగుతాయి, ఉరుములు ఉరుముతాయి, వడగళ్లు పడతాయి. చలికాలం పొద్దున మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తుంది.

మా నాయన దస్తగిరి రాయచోటి పక్క పల్లె నుంచి డ్రైవరుగా ఇక్కడికి వచ్చాడు. ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, అబూ ఫహద్ అనే పెద్దమనిషి. డ్రైవరు పనికి వచ్చినవాళ్లకు పెళ్లాం బిడ్డలను తెచ్చుకునే వీలు ఉండదు. నాయన ఎన్నేళ్లు అడిగాడో, ఎట్లా అడిగాడో నాకు తెలియదు గానీ, అబూ ఫహద్ తన పలుకుబడంతా వాడి ఆ కాగితం సంపాదించి పెట్టాడు. అంతటితో ఆగక, తన ఇంటి వెనక పెరట్లో రేకుల గది ఒకటి కట్టించి, సందులోకి చిన్న ఇనుప గేటు పెట్టించి, ఇది మీది అన్నాడు. అట్లా నా తొమ్మిదో ఏట అమ్మా నేనూ వచ్చి ఆ గదిలో దిగాం. కఫీల్ పెట్టిన షరతు ఒక్కటే, ఈ గది వల్ల తన గడపకు మాట రాకూడదు. నాయన ఆ మాటను అన్నం ముందు బిస్మిల్లా చెప్పినంత క్రమంగా మాకు చెప్పేవాడు. మేం ముగ్గురం ఒక కప్పు కింద ఉండటం ఆ ఒక్క షరతు మీద ఆధారపడి ఉందని నాకు ఆ వయసులోనే అర్థమైంది.

మాది దూదేకుల కుటుంబం. ఇంట్లో తెలుగు, బజారులో కాస్త ఉర్దూ, నమాజులో అరబ్బీ. మాట్లాడే అరబ్బీ మాత్రం అమ్మకు ఒక్క ముక్క రాదు. నాయన పొద్దున్నే అబూ ఫహద్ పిల్లలను బడికి తీసుకుపోతే మళ్లీ చీకటి పడ్డాకే వచ్చేవాడు. నేను ఇండియన్ స్కూలు బస్సెక్కేదాన్ని. అమ్మ పేరు మస్తానమ్మ. ఊళ్లో ఆమె నోరు పట్టడానికి నలుగురు కావాలనేవారు. ఆమె మాట్లాడుతుంటే పని తానే అయిపోయేది. అలాంటి మనిషి ఆ నాలుగు గోడల మధ్య రోజంతా ఎవరితోనూ మాట్లాడక, సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉండేది. వాడని బావిలో నీళ్లలాగా మాట కూడా చెడిపోతుందని నాకు అప్పుడు తెలిసింది. మొదటి చలికాలం గడిచేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చుని నిప్పును చూస్తూ ఉండిపోయేది. అన్నం అడిగితేనే లేచేది.

నాయనకు భయం పట్టుకుంది. ఒక గురువారం సంతలో (ఖమీస్ అంటేనే గురువారం, సంత వల్లే ఈ ఊరికి ఆ పేరు) ఏదో కొనుక్కుని, గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు. సంచి కదులుతోంది.

"మే, మాట్లాడుకునేదానికి మనుషుల్ల్యాకనే గదా నువ్విట్లయింది. ఇదో, నలుగుర్ని తెచ్చినా" అని సంచి మూతి విప్పాడు.

మూడు పెట్టలు, ఒక పుంజు. అమ్మ వాటిని చూసి నవ్వలేదు. ముందు పుంజును పట్టుకుని రెక్క కింద చేయిపెట్టి చూసి, "బరువు ల్యా. మోసపోయినావు" అంది. ఎన్నో నెలల తర్వాత ఆమె నాయనతో వాదం పెట్టుకోవడం అదే. నాయన ముఖం వెలిగిపోయింది. పుంజు ఎర్రగా ఉండటంతో దాన్ని డేగ అంది. పెట్టలకు నల్లది, పొడలది, కుంటిది అని రూపాన్ని బట్టి పేర్లు. అబూ ఫహద్ సామాన్ల గదిలో పాత ఎయిర్ కూలరు ఒకటి పడి ఉండేది. ఈ చలి ఊళ్లో దాని అవసరం ఎవరికి? నాయన దాని మోటారు పీకేసి, రేకు పెట్టెను పెరటి మూలకు లాగి, లోపల రెండు కర్రలు అడ్డంగా బిగించాడు. నాలుగు పక్కలా గాలి ఆడే గూడు తయారైంది.

ఆ తర్వాత మా ఇంటికి పొద్దు మళ్లీ పొద్దులాగా మొదలైంది. అమ్మ తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసి, చాప మడిచి, గూడు తలుపు తీసి, నాలుక అంగిలికి కొడుతూ వాటిని పిలిచేది. రాత్రి మిగిలిన అన్నంలో నూకలు కలిపి, పళ్లెం అంచు మీద వేళ్లతో తట్టేది. నేను దుప్పటి కిందినుంచి వినేదాన్ని. "నిన్న గుడ్డు పెట్టకుండా దొంగేడ్పులు ఏడ్సినావే నల్లదానా", "నీకెందుకే అంత తిండి, పని చేసేదానివా పాటు చేసేదానివా" అని ఊళ్లో తోడికోడళ్లతో పెట్టుకునే తగవులన్నీ ఆ కోళ్లతో పెట్టుకునేది. పెరట్లో కోళ్ల రెట్ట వాసన, పక్కింట్లోంచి యాలకుల కాఫీ వాసన, అబూ ఫహద్ ఇంటి లోపలి నుంచి బుఖూర్ ధూపం. నా బాల్యం వాసన ఏదంటే ఈ మూడూ కలిసినదే. గోడ అవతల ఉమ్ సాలెం అనే ముసలావిడ ఉండేది. పుంజు కూస్తే దైవదూతను చూసి కూసిందని వాళ్ల నమ్మకం. డేగ కూసినప్పుడల్లా ఆమె గోడ అవతల నిలబడి పైకి వినబడేలా దువా చేసేది. నా కోడి కూయకపోతే తెల్లారదనుకున్న ముసలమ్మ సామెతను అమ్మ ఆమె మీద సరదాగా వాడేది. అయినా ఆమె కోసమే మంచి గుడ్లు పక్కన పెట్టేది.

అసలు సంగతి ఆ గుడ్లతోనే మొదలైంది. అరబ్బీలో నాటుకోడిని, నాటుగుడ్డును బలదీ అంటారు. బలదీ అంటే మన ఊరిది, మన నేలది అని. అక్కడి ముసలివాళ్లకు అంగడి గుడ్డు రుచించదు, బలదీ అంటే ప్రాణం. ఉమ్ సాలెం ఇంట్లో పనిచేసే మనిషి రోజూ మా గేటు దగ్గరకు వచ్చి బెల్లు కొట్టి "బలదీ" అనేది. ఆమెను చూసి ఇంకో రెండు మూడిళ్లవాళ్లూ రాసాగారు. నేను వీధి పిల్లలతో ఆడి ఆడి అరబ్బీ నేర్చుకున్నాను కాబట్టి గేటు పని నాది. నేను బడికి పోయినప్పుడు ఇబ్బంది కదా అని అమ్మకు నేనే పాఠం చెప్పాను. "అమ్మా, ఎవురన్నా బలదీ అంటే గుడ్లకు వచ్చినట్ల. నువ్వు 'ఐవా, ఫీ' అను. ఉండాయి అని దానర్థం." అమ్మ ఆ మూడు మాటలను పొయ్యి దగ్గర వల్లెవేసి నేర్చుకుంది. ఆ దేశంలో ఆమె నేర్చుకున్న అరబ్బీ అంతా అంతే. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో ఊళ్లో ఉన్నప్పటి ధీమా వచ్చేది.

మూడో ఏడు పక్షుల జబ్బు గురించి భయం పుట్టింది. నివాసాల మధ్య కోళ్లను, పావురాలను పెంచరాదని మున్సిపాలిటీ వాళ్లు కాగితాలు అంటించారు. మున్సిపాలిటీని అక్కడ బలదియా అంటారు. మసీదు పక్క గోడ మీది కాగితాన్ని నేనే నాయనకు చదివి చెప్పాను. నాయన ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా, వచ్చే గురువారం అన్నిటినీ సంతకు తీసుకుపోతానన్నాడు. అమ్మ నాయన చేయి పట్టుకుని గూడు దగ్గరకు తీసుకుపోయింది. లోపల నల్లపెట్ట పొదుగు మీద ఉంది. దాని కింద పదకొండు గుడ్లు పెట్టి అప్పటికి వారమైంది. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని మా వైపు పొదుగులో ఇనుప మేకు, బొగ్గు వేస్తారు. ఈ ఉరుముల ఊళ్లో అమ్మ దాన్ని మరీ పట్టుగా పాటించింది. మేకు నాయన పనిముట్లలోది, బొగ్గు బుఖూర్ వేసుకునే బిళ్ల.

"పొదుగు మింద కోడిని లేపగూడదు. ఆ పాపం ఊరికే పోదు. పిల్లలు లేసినంక నువ్వే తీస్కపో, నేను అడ్డం చెప్తే అప్పుడడుగు" అంది అమ్మ.

నాయన వంగి ఆ కోడిని చూశాడు. కఫీల్ షరతు ఒక వైపు, మళ్లీ పొయ్యి ముందు ఉలకకుండా కూర్చునే అమ్మ ఒక వైపు. చివరికి సరే అన్నాడు. ఆ రెండు వారాలకు కట్టుబాట్లు పెట్టాడు. గుడ్లు ఎవరికీ ఇవ్వకూడదు. డేగ కూయకుండా దాన్ని తల నిక్కించడానికి వీల్లేని పండ్ల డబ్బాలో పెట్టి పైన గోనె కప్పాలి. మెడ సాగకపోతే పుంజు కూయలేదు. సెలవు రోజయినా, ఏ రోజయినా నేను ఇంట్లో ఉన్నప్పుడు గేటు నేనే తీయాలి. నేను లేకపోతే ఎంత బెల్లు కొట్టినా తీయకూడదు. "పాపకు బాస తెల్సు. వచ్చినోడు ఎవడో కనుక్కోని, నాయన ఇంట్లో ల్యాడని చెప్పి తలుపేస్తాది" అన్నాడు. నా వైపు తిరిగి, "నీ మిందనే ఉండాది పాపా" అన్నాడు. ఉమ్ సాలెం ఒకసారి గోడ అవతలినుంచి మీ పుంజుకు ఏమైందని అడిగింది. జలుబు చేసిందని చెప్పాను.

గుడ్లు పెట్టి పంతొమ్మిదో రోజు శుక్రవారం. బడి లేదు. నాకు అమ్మ మీద కోపంగా ఉంది. ముందు రోజు బస్సులో ఒక అమ్మాయి నా దగ్గర కోళ్ల వాసన వస్తోందని ముక్కు మూసుకుని వేరే సీటుకు పోయింది. పొద్దున అమ్మ గూడు కడగమంటే కడిగాను గానీ, తర్వాత చేతులు మూడుసార్లు సబ్బుతో తోముకుని, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని పుస్తకం చదువుతున్నాను. నాయన జుమా నమాజుకు పోయి, అట్నుంచి అబూ ఫహద్ వాళ్లను ఎక్కడికో దింపడానికి పోయాడు. బెల్లు మోగింది. అమ్మ పెరట్లోంచి, "పాపా, ఎవురో చూడు" అంది. నేను కదల్లేదు. మళ్లీ మోగింది. "పాపా." నాకు తలుపు దాకా పోవడం పెద్ద పనేమీ కాదు. పది అడుగులు. కానీ ఆ వాసనలోకి మళ్లీ పోవాలనిపించలేదు. "ఉమ్ సాలెం వాళ్ల మనిషే అయ్యుంటాది. ఒక్క గుడ్డన్నా ఇయ్యమని నిన్న గూడ అడిగింది. బలదీ అంటే రెండిచ్చి పంపీ" అన్నాను పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

అమ్మ తలమీద ముసుగు సర్దుకుని గేటు దగ్గరకు పోయింది. బయట మగ గొంతు గట్టిగా, స్పష్టంగా "బలదియా" అంది. నాకు గదిలోకి వినబడింది. విన్న క్షణంలోనే నాకు అర్థమైంది. లేచి కూర్చున్నాను. అప్పటికే అమ్మ గొంతు, ఆ ధీమాగల గొంతు, "ఐవా, బలదీ. ఫీ, ఫీ" అంటోంది. నేను గడప దాటేసరికి ఆమె గేటు బార్లా తీసి, ఒక చేత్తో గుడ్ల గిన్నె పట్టుకుని, రెండో చేత్తో గూటి వైపు చూపిస్తోంది. గేటు బయట తోబు, అంటే అక్కడి మగవాళ్ల తెల్లటి పొడుగు అంగీ, వేసుకున్న మనిషి, చేతిలో ఫైలు. జబ్బు భయంతో వాళ్లు సెలవు రోజు కూడా తిరుగుతున్నారు. ఆయన ముఖంలో కోపం లేదు. ఏం చేయాలో తోచక ఇబ్బందిపడుతున్న ముఖం. ఆయన వెనక మున్సిపాలిటీ చొక్కా వేసుకున్న బంగ్లాదేశీ పనివాడు ఒకడు, ఇనుప బోను పట్టుకుని. అతనే మెల్లగా, "అమ్మా, కిత్నీ ముర్గీ హై?" అన్నాడు. ఆ హిందీ మాటతో అమ్మకు అంతా అర్థమైంది. గిన్నెను ముసుగు కొంగు కింద దాచుకుంది.

వాళ్లు పెట్టలను, పుంజును పట్టుకుపోయారు. నల్లపెట్టను పొదుగు మీదినుంచి లేపుతున్నప్పుడు అది పనివాడి చేతిని రక్తం వచ్చేలా పొడిచింది. అతను దాన్ని తిట్టలేదు. గుడ్లను ముట్టుకోలేదు. అమ్మ వాటిని నాయన ఉన్ని మఫ్లరులో చుట్టి హీటరు పక్కన పెట్టింది. నాలుగో రోజున ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని విని, అన్నిటినీ పెరట్లో పూడ్చేసింది. అయితే ఇదంతా చిన్న నష్టం. తోబు మనిషి పోయేముందు పెరడంతా ఒకసారి చూశాడు. మా రేకుల గదిని చూశాడు. అనుమతి లేకుండా కట్టిన గది. కోళ్ల కోసం వచ్చినవాడు గదిని రాసుకుపోయాడు.

ఆ సాయంత్రం అసర్ నమాజు తర్వాత అబూ ఫహద్ వచ్చి పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. తస్బీ పూసలు తిప్పుతూ, కోళ్ల మాట వదిలెయ్యి దస్తగీర్, గదిని పడగొట్టాలని చెప్పిపోయారు, నా చేతిలో లేదు అన్నాడు. బయట ఇల్లు అద్దెకు తీసుకునే స్తోమత నాయనకు లేదు. ఇక మిగిలింది అమ్మకూ నాకూ ఖురూజ్, అంటే మళ్లీ రాకుండా ఇంటికి పోయే కాగితం. కఫీల్ పోయాక నాయన గేటు వైపు చూస్తూ అడిగాడు.

"గేటు ఎవురు తీసినారు?"

"నేనే" అంది అమ్మ.

"పాప ఇంట్లోనే ఉండింది గదా?"

"పాప నీళ్లు పోసుకుంటాండె."

అమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో నింద లేదు, చెప్పమని అడగడమూ లేదు. నేను తల వంచుకున్నాను. నాయన, "ఏమీ తెలీనిదాన్ని పిల్చుకొచ్చి తప్పు చేసినా" అన్నాడు. నాయన అమ్మను అంతకుముందు ఎప్పుడూ అట్లా అనలేదు. అప్పుడైనా నోరు తెరిచి ఉంటే ఎంత బాగుండేదో. నేను పిరికిదాన్ని. పన్నెండేళ్ల పిల్ల అని ఎవరైనా సమాధానం చెప్పవచ్చు గానీ, ఆ తర్వాత నాకు పదిహేనేళ్లూ, ఇరవై ఏళ్లూ వచ్చాయి.

నెల తిరగకముందే అమ్మా నేనూ ఊరికి వచ్చేశాం. నాయన ఖమీస్‌లోనే ఉండిపోయాడు, పదిమంది డ్రైవర్లు పడుకునే గదిలో. రెండేళ్లకోసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఆ కథ చెప్పేవాడు. కోపం ఎప్పుడో పోయింది, నవ్వుగా మారింది. "బలదియావాడు కోళ్లు పట్టుకునేదానికొస్తే మా మనిషి గుడ్లు అమ్మబోయింది" అని మొదలుపెడితే బంధువులంతా పొట్ట పట్టుకునేవారు. అమ్మా నవ్వేది. నా పెళ్లిలో మా అత్తగారివాళ్లకు కూడా చెప్పాడు. అమాయకురాలు పాపం అని వాళ్లు అమ్మను జాలిగా చూశారు. అమ్మ వాళ్లకు పాయసం వడ్డిస్తూ నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని. ఈసారి చెప్దాం, ఆయన పూర్తిగా ఇంటికి వచ్చేశాక చెప్దాం అనుకుంటూ వచ్చాను. ఇంకో ఏడాదిలో వచ్చేస్తాననగా, స్టీరింగు ముందే గుండె ఆగి పోయాడు. అక్కడే మట్టి చేశారు. మేమెవ్వరం లేము.

ఇప్పుడు నేను ఈ దేశంలోనే బతుకుతున్నాను. దమ్మామ్‌లో ఒక ఆసుపత్రి కౌంటర్లో కూర్చుని రోజంతా అరబ్బీలో మాట్లాడతాను. నా పేరు మీద ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి కార్డు, ఉంది, కారు తాళాలు నా సంచిలో ఉంటాయి. గేటు తీయడానికి కూడా భయపడిన మనుషులం మేమేనా అనిపిస్తుంది. అప్పటికంటే ఇప్పుడు చాలా సులువైంది, నిజమే. కానీ మా ముగ్గురికి ఒక కప్పు మాత్రం మళ్లీ దొరకలేదు. మందుల షాపు ముందు బండిలో కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. ఇల్లు లేదని చెప్పాను. గాలి అట్లే ఉందని చెప్పాను. అమ్మ అవునా, అవునా అని వింటోంది. ఉన్నట్టుండి నోట్లోంచి వచ్చేసింది.

"అమ్మా, ఆ పొద్దు గేటు కాడికి నేను పోవాల్సింది. నువ్వు రెండుసార్లు పిలిస్తివి. నేను లేయలేదు."



"నాకు చెప్పేదేముండాది పాపా. పిలిచింది నేనే గదా, నాకు తెలీదా" అంది అమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "మీ నాయనకు చెప్పింటే బాగుండు. ఆయప్ప నేను తెలివిల్యానిదాన్ననుకోనే పాయ" అంది.

అమ్మ నన్ను తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. ఫోన్ పెట్టేశాక చాలాసేపు బండి తీయలేకపోయాను. తర్వాత నాయనను మట్టి చేసిన ఖబరస్తాన్‌కు పోయాం. ఊరి చివర పొడుగాటి గోడ, లోపల వరసగా పేర్లు లేని రాళ్లు. ఏది ఆయనదో చెప్పేవాళ్లు లేరు. ఆడవాళ్లు లోపలికి పోకూడదు. మా ఆయన టోపీ పెట్టుకుని బండి దిగి, "మీ నాయనకు ఏమన్నా చెప్పమంటావా?" అని అడిగాడు. నా సలాం చెప్పమన్నాను. ఆయన గేటులోంచి లోపలికి పోయాడు. సలాం ఎవరితోనైనా పంపవచ్చు. రెండో మాట నేనే పోయి చెప్పాలి. నన్ను ఆ గేటు దాటనివ్వరు.